‘సావో పాలో ఎస్.ఏ.’ (1965, బ్రెజిల్): కార్లోస్ మళ్ళీ ఎందుకు వెనక్కి వచ్చాడు?

జడ్చర్ల క్యూసీ:

అందరికీ నమస్తే. మాది వనపర్తి దగ్గర పల్లె. ఉండేది జడ్చర్లలో, కిరాయి ఇంట్లో. కొత్తూరు వైపు ఒక విడిభాగాల కంపెనీలో తొమ్మిదేళ్ళుగా క్వాలిటీలో పని చేస్తున్నా. బయటి నుంచి వచ్చే సరుకు కొలిచి, బాగుంటే పచ్చ ట్యాగు, బాగాలేకపోతే ఎర్ర ట్యాగు కట్టడం నా పని. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. పోస్టు పొడుగైంది, ఓపికతో చదవండి.

రెండు వారాల కింద సెకండ్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. నిద్ర పట్టలేదు. ఫోన్లో వెతుకుతుంటే ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా కనబడింది, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో. లూయిస్ సెర్జియో పెర్సన్ అనే ఆయన 1965లో తీసిన ‘సావో పాలో, సొసియెదాదె అనోనిమా’. పొట్టిగా సావో పాలో ఎస్.ఏ. అంటారు. పది నిమిషాలు చూసి పడుకుందామనుకున్నా. ఆపుకుంటూ, వెనక్కి జరుపుకుంటూ చూసి ముగించేసరికి పాలప్యాకెట్ల ఆటో వచ్చింది.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తా. కార్లోస్ మధ్యతరగతి మనిషి. కాలం 1957 నుంచి 1961 వరకు, అంటే సావో పాలో చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులు. ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో తనిఖీ పనిలో చేరతాడు. అంటే నా పనే. విడిభాగాలు తయారుచేసే ఆర్తూరో అనే ఇటలీ మనిషితో పరిచయమవుతుంది. సరుకును చూసీచూడనట్టు వదిలేయడం అక్కడ మొదలవుతుంది. తర్వాత ఆ ఆర్తూరో దగ్గరే మేనేజర్ అవుతాడు. ఇంగ్లిష్ క్లాసులో కలిసిన లూసియానాను పెళ్ళి చేసుకుంటాడు. ఫ్లాటు, కారు, పసిబిడ్డ, అన్నీ వస్తాయి. ఒకనాడు అన్నీ వదిలి, ఎవరిదో కారు ఎత్తుకుని ఊరు దాటి పోతాడు. తర్వాత ఒక ట్రక్కు ఎక్కి మళ్ళీ సావో పాలోకే వస్తాడు. అంతే, అక్కడ అయిపోతుంది.

సినిమాలో కథ ఇట్ల వరుసగా నడవదు. ముందువి వెనక, వెనకవి ముందు వస్తుంటాయి. మొదట్లో నాకు తికమకైంది. రెండోసారి చూసినప్పుడు, మనిషి మనసులో జ్ఞాపకాలు వచ్చేది కూడా ఇట్లనే కదా అనిపించింది.

ఇప్పుడు నా సంగతి చెప్తే గానీ నా ప్రశ్న మీకు అర్థం కాదు.

నాలుగేళ్ళ కింద ఒక సప్లయర్ నుంచి 400 బుష్‌లు వచ్చాయి. బుష్ అంటే మధ్యలో రంధ్రం ఉండే చిన్న గొట్టం లాంటి లోహపు ముక్క. లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు ఉండాలి, ఎక్కువలో ఎక్కువ 18 మైక్రాన్లు పెరగొచ్చు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మా దగ్గర ప్లగ్ గేజ్ ఉంటుంది. చేతిలో పట్టుకుంటే పెన్ను అంత, రెండు వైపులా మెరిసే ఉక్కు కడ్డీ. ఒక వైపు ‘గో’, అది రంధ్రంలోకి నున్నగా జారిపోవాలి. ఇంకో వైపు ‘నో-గో’, అది దిగకూడదు, అంచు దగ్గరే ఆగిపోవాలి. ఆ ఆగడం వేళ్ళకు తెలుస్తుంది, కళ్ళతో చూసే పని లేదు. ఆ రోజు యాభై పీసులు తీసి చూస్తే ఏడింట్లో నో-గో లోపలికి దిగింది. పైగా ఒకదాంట్లో అడుగుదాకా పోయి, తిప్పితే కడకడలాడింది.

నేను ఎర్ర ట్యాగు చేతిలోకి తీసుకున్నా. అంతలో ప్రొడక్షన్ ఆయన వచ్చాడు. లైను ఆగిపోతుంది, సాయంత్రం బండి పోవాలి, ఈ ఒక్కసారికి డీవియేషన్ మీద, అంటే కొలత తప్పినా ఒప్పుకున్నట్టు రాసి, పాస్ చెయ్యి అన్నాడు. సప్లయర్ ఫోన్ చేసి, ‘సారూ, పదిహేను మంది పనోళ్ళున్నరు నా దగ్గర’ అన్నాడు. సంతకం పెట్టాను. పైసలు తీసుకోలేదు. ఆ దసరాకు మాత్రం ఒక స్వీటు డబ్బా, ఒక షర్టు గుడ్డ ఇంటికొచ్చాయి. వాపసు పంపలేదు. ఆ తర్వాత సంతకం పెట్టడానికి చెయ్యి ఆడకపోవడమనేది రానురాను తగ్గిపోయింది. నన్ను బాధపెట్టేది ఆ ఏడు బుష్‌ల కన్నా ఇదే ఎక్కువ.

పోయిన ఏడాది జూలైలో ఒక పొద్దున కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డా. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, నేను ఎక్కలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అవతలి వైపుకు దాటి, మహబూబ్‌నగర్ పోయే బస్సెక్కి, అక్కడి నుంచి మా ఊరు పోయా. పదకొండు రోజులున్నా. పత్తిలో నాయనతో కలుపు తీశా. ఫోను బందు పెట్టా. పన్నెండో రోజు ప్లాటు ఈఎంఐ కట్టాల్సిన తేదీ గుర్తొచ్చి తిరిగొచ్చా. కంపెనీ వాళ్ళు జ్వరం అని రాసుకుని మళ్ళీ తీసుకున్నారు.

కార్లోస్ ఆ ట్రక్కులో కూర్చుని నగరం వైపు వస్తున్నప్పుడు, మళ్ళీ మొదలుపెట్టాలి, మళ్ళీ మొదలుపెట్టాలి అని లోపల అనుకుంటుంటాడు. ఆ ముఖాన్ని ఆపి ఆపి చూశాను. ఓడిపోయి వస్తున్నాడా? ఇంకోచోటు లేక వస్తున్నాడా? లేక నిజంగానే ఏదో కొత్తగా మొదలుపెడతాడా? డైరెక్టర్ ఏమనుకుని అట్ల ముగించాడో చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. నాకు ఇది టైంపాస్ ప్రశ్న కాదు.


నల్లగొండ సారు:

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఉండేది నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర. ఈ సినిమా నాకు బాగా ఇష్టం. నువ్వు అడిగినదానికి వచ్చే ముందు రెండు సంగతులు చెప్పాలి. అవి లేకుండా కార్లోస్ అర్థం కాడు.

1956 నుంచి 1961 మొదటి దాకా బ్రెజిల్ అధ్యక్షుడు జుసెలీనో కుబిషెక్. యాభై ఏళ్ళ ప్రగతి ఐదేళ్ళలో సాధిస్తామన్నది ఆయన నినాదం. అడవులూ పొదలూ ఉన్న పీఠభూమి మీద బ్రసీలియా అనే కొత్త రాజధాని కట్టించి 1960 ఏప్రిల్ 21న తెరిచింది ఆయనే. కార్ల పరిశ్రమ ఆయనకు పంచప్రాణాలు. విదేశీ కంపెనీలను రమ్మన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఏటేటా పెంచుకుంటూ పోయి 1960 కల్లా కారు బరువులో తొంభై శాతానికి పైగా బ్రెజిల్‌లోనే తయారవ్వాలి. ఇప్పుడు ఆలోచించు. నట్టు, బుష్, స్ప్రింగు అన్నీ ఉన్నపళంగా లోకల్‌గా దొరకాలంటే ఎవరు చేస్తారు? షెడ్డు వేసుకుని మూడు మిషన్లు పెట్టుకున్న ఆర్తూరోలు చేస్తారు. గడువు మీద పడుతోంది, లైను ఆగకూడదు. మధ్యలో గేజ్ పట్టుకుని నిలబడినవాడు కార్లోస్. ‘సాయంత్రం బండి పోవాలి’ అన్న మాట నీకు ఒక్కడికే వినపడలేదయ్యా. ఆ దేశం మొత్తానికి ఆ ఐదేళ్ళు అదే మాట వినపడింది.

రెండోది పేరు. సొసియెదాదె అనోనిమా అంటే పోర్చుగీసులో వాటాదారుల కంపెనీ, మన దగ్గర బోర్డు మీద లిమిటెడ్ అని రాసుకున్నట్టు. మాటకు మాట అర్థం తీస్తే పేరులేని సమాజం. ఊరికి ఊరే ఒక కంపెనీ, అందులో ఎవరికీ పేరు లేదు. ఆ రెండర్థాలూ కావాలనే పెట్టాడు పెర్సన్. 1950లో 22 లక్షలున్న ఆ నగరం జనాభా 1960 కల్లా 36 లక్షలు దాటింది. సినిమాలో రోడ్ల మీద జనం వరదలా పోతుంటారే, అది అప్పటి మామూలు సావో పాలో.

మన జిల్లాల మనిషికి ఈ సినిమా వేరే దారిలో కూడా తగులుతుంది. 1963లో నెల్సన్ పెరేరా దోస్ సాంతోస్ ‘విదాస్ సేకాస్’ తీశాడు. గ్రసిలియానో రామోస్ 1938లో రాసిన నవల అది. ఈశాన్య బ్రెజిల్‌లో కరువుకు ఊరు విడిచిన ఒక కుటుంబం కథ. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. నేను మొదటిసారి చూసినప్పుడు మునుగోడు, దేవరకొండ వైపు ఎండిన చెరువులే కళ్ళ ముందు తిరిగాయి. పాలమూరు వలస కూలీల సంగతి నీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ సినిమా చివర ఆ కుటుంబం పట్నం మీద ఆశతో నడుస్తూ పోతుంది. వాళ్ళు ఆశపడ్డ పట్నం లోపల ఏముందో చూపింది ఈ కార్లోస్ సినిమా. ఆ రోజుల్లో పేరున్న డైరెక్టర్లలో చాలామంది కెమెరా పట్టుకుని కరువు నేలకో, పేదల బస్తీలకో పోతుంటే, పెర్సన్ నెల జీతం మనిషి ఫ్లాటులోకి పోయాడు. అది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. నేను అనుకోను.

ఇక నీ ప్రశ్న. కార్లోస్ వెనక్కి రావడం అతని నిర్ణయం అని నేననుకోను. సినిమా మొదలయ్యేదే భార్యాభర్తల గొడవతో, అంటే దాదాపు చివరతో. అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. గానుగెద్దుకు దారి ఎక్కడుంది చెప్పు? పారిపోవడానికి కూడా అతను ఎక్కింది కారే. తన ముద్ర పడి బయటికొచ్చిన విడిభాగాలు అందులోనూ ఉండొచ్చు.

సినిమా కథ 1961 దగ్గర ఆగుతుంది. 1964 మార్చి చివర అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. మరుసటి ఏడు సినిమా వచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్ళకు ఆ ఐదేళ్ళ సంబరం దేనికి దారితీసిందో అప్పటికే తెలుసు. కార్లోస్‌కు తెలియదు.

పెర్సన్ 1976 జనవరిలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. నలభై కూడా నిండలేదు. వీలైతే ఆయన 1967లో తీసిన నావెస్ అన్నదమ్ముల సినిమా కూడా చూడు. చేయని హత్యను చిత్రహింసలు పెట్టి ఒప్పించిన కేసు, నిజంగా జరిగింది. చచ్చిపోయాడన్న మనిషి పదిహేనేళ్ళకు బతికి కనబడ్డాడు.


మెట్టుగడ్డ టీచర్:

సార్‌కి నమస్కారం. అన్నా, మీ బాధ నిజమైనదని తెలుస్తోంది. నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తాను. మీ పోస్టు చూశాకే ఈ సినిమా చూశాను, రెండు రాత్రులు పట్టింది.

మీరిద్దరూ కార్లోస్ గురించి ఇంత రాశారు. లూసియానా గురించి ‘పెళ్ళి చేసుకుంటాడు’ అని ఒక్క ముక్క ఉంది. మొదటి సీను ఇంకోసారి చూడండి. ఫ్లాటులో ఇద్దరూ కొట్లాడుకుంటున్నారు. కెమెరా మాత్రం ఇంట్లో లేదు, కిటికీ బయట ఉంది. అద్దం మీద ఎదుటి బిల్డింగులు పడుతున్నాయి. వాటి వెనక ఈ ఇద్దరూ చేతులు ఊపుకుంటూ, నోళ్ళు కదుపుకుంటూ కనిపిస్తారు. మాట వినబడదు. ఆమె అంతగా ఏం అడుగుతోందో మనకు తెలియదు. సినిమా మొత్తం వెనక నుంచి వినిపించే గొంతు కూడా కార్లోస్‌దే. అతని విసుగు, అతని అలసట, అతనికి ఊపిరాడకపోవడం. లూసియానాకు ఊపిరాడిందా అని ఎవరూ అడగరు.

ఆమె అతన్ని ఆర్తూరోకు పార్ట్‌నర్‌ను చేయాలని చూస్తుంది. అందుకని చూసినవాళ్ళు చాలామంది ఆమెను ఆశపోతు అంటారు. నేను ఒప్పుకోను. చంకలో బిడ్డ ఉంది. మొగుడు ఏ రోజు ఏ మూడ్‌లో ఉంటాడో తెలియదు. రేపటికి ఒక గట్టి ఆధారం ఉండాలని ఆమె అనుకోవడం తప్పెట్లయింది? మా స్టాఫ్ రూములో ఎనిమిది మందిమి ఆడవాళ్ళం. జీతం పడగానే మా మాటలన్నీ ఫీజులు, చిట్టీలు, గ్యాస్ బండ. అది ఆశపోతుతనం కాదు, ఇల్లు నిలబెట్టుకోవడం.

కార్లోస్ జీవితంలోకి వచ్చిన ఇంకో ఆమె హిల్డా సంగతి ఇంకా ఘోరం. చదువుకున్న మనిషి, లోకం గురించి ఆలోచించే మనిషి. ఆత్మహత్య చేసుకుంటుంది. కార్లోస్ దాన్ని కూడా తన జ్ఞాపకాల్లో ఒకటిగా మోసుకుని తిరుగుతాడు. డైరెక్టర్‌కు ఇదంతా తెలిసే తీశాడని నా నమ్మకం. తెలియకపోతే కెమెరాను అద్దానికి అవతల పెట్టడు.

లూసియానా వేసిన ఎవా విల్మా నటన చూశారు కదా. టీవీలో అప్పటికే అందరికీ తెలిసిన ముఖమట. కార్లోస్ వేసిన వాల్మోర్ చాగస్ నాటకాల నుంచి వచ్చాడు, సినిమాల్లో ఇదే మొదటిది. అతను మొహం బిగించుకుని ఉంటే ఆమె మొహంలో మాత్రం గడియకో మాట మారుతుంటుంది.

మిమ్మల్ని నొప్పించాలని కాదు అన్నా, ఒకటి అడుగుతా. ఆ పదకొండు రోజులు మా వదిన ఏం చేసింది? పోస్టులో ఆమె లేదు. కలుపు తీసిన పత్తి ఉంది, ప్లాటు ఈఎంఐ ఉంది, ఆమె లేదు.


లేత్ షెడ్డు:

అన్నా, నేను సినిమా పూర్తిగా చూడలేదు. ఆర్తూరో ఉన్న సీన్లు మాత్రం వెతుక్కుని చూసిన. నాకు నల్లగొండలో చిన్న షెడ్డు ఉంది, రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషన్. హైదరాబాద్ కంపెనీలకు జాబ్ వర్క్ చేస్తా. బుష్‌లే ఎక్కువ.

ఒతెల్లో జెలోని అనే ఆయన ఆ వేషం బాగా చేసిండు. నవ్వుతనే ఉంటడు, భుజం మీద చెయ్యి వేస్తడు, అట్లనే పనోళ్ళను పిండుతడు. అసొంటోళ్ళను నేను చూసిన. కానీ షెడ్డు పెట్టినోళ్ళందరూ ఆర్తూరోలు కాదు. మా సంగతి చెప్తా వినుండి. రాడ్ కొనాలంటే రొక్కం కట్టాలి. బిల్లు మాత్రం మూడు నెలలకు వస్తది. సరుకు వాపసొస్తే రానుపోను బండి కిరాయి మాదే. అందుకే ఫోన్లు చేస్తం, బతిలాడుతం.

అయినా నువ్వు సంతకం పెట్టి ఆయనకు మేలు చేసిన అనుకుంటున్నవు చూడు, అది మేలు కాదన్నా. నా మాట విను. యాభైలో ఏడు పెద్దవైనయంటే అది పనోని చెయ్యి తప్పు కాదు. రీమరు, అంటే రంధ్రాన్ని కొలతకు తెచ్చే పనిముట్టు, అరిగితే రంధ్రం చిన్నదైతది గానీ పెద్దది కాదు. పెద్దదైందంటే నాకు వచ్చే మొదటి అనుమానం టెయిల్‌స్టాక్, అంటే లేతు చివర రీమరును పట్టుకుని ఉండే భాగం, పక్కకు జరిగిందని. లేకపోతే రీమరు సెంటర్లో తిరుగుతలేదు. డయల్ గేజ్, అంటే తేడాను ముల్లుతో చూపేది, పెట్టి చూస్తే అరగంటలో బయటపడుతది. ఆ రోజు నువ్వు ఎర్ర ట్యాగు కట్టి, ఏడు పీసులు ఆయన చేతిలో పెట్టి, ఇదిగో నో-గో దిగుతున్నది అని చెప్పి ఉంటే ఆయన మిషన్ చూసుకుంటుండె. నువ్వు పాస్ చేసినవు. ఆయన మిషన్ బాగుందనుకున్నడు. ఆ తర్వాత ఎన్ని లాట్లు అట్లనే తిప్పిండో.

నాకు రెండేళ్ళ కింద ఒక క్యూసీ తమ్ముడు 250 పీసులు వాపసు పంపిండు. ఆ రాత్రి కోపంతో అన్నం తినలేదు. పొద్దున డయల్ పెట్టి చూస్తే టెయిల్‌స్టాక్ జరిగింది. ఆ పిల్లగాడు ఇప్పటికీ వచ్చినప్పుడు నా షెడ్డులోనే చాయ్ తాగుతడు. షర్టు గుడ్డ గురించి ఎక్కువ ఆలోచించకు. ఫోన్ చెయ్యి ఆయనకు.


మిర్యాలగూడ లారీ:

నేను బియ్యం లోడు కొడతా అన్నా, మిర్యాలగూడ నుంచి బయటి రాష్ట్రాలకు. సినిమా చివరి పది నిమిషాలే చూసిన, మీరు ట్రక్కు అని రాసినందుకు. భాష రాకున్నా అర్థమైంది.

అట్లాంటోళ్ళను రోడ్డు మీద చాలామందిని ఎక్కించుకున్న. ఇస్త్రీ బట్టలుంటయి, చేతిలో సంచి ఉండదు. సంచి లేకుండా లారీ ఆపినోడు ఇంట్లో చెప్పకుండా వచ్చినోడే. యాడికి పోవాలంటే ముందు చెప్పడు, ‘ఎంత దూరం పోతే అంత దూరం’ అంటడు. తర్వాత ఒక టోల్ గేట్ కాడనో, చాయ్ హోటల్ కాడనో ఊరి పేరు చెప్తడు. అది ఎప్పుడూ వాళ్ళ సొంతూరో, పని చేసే ఊరో అయి ఉంటది. కొత్త ఊరు చెప్పినోన్ని నేను చూడలేదు.

ఓడిపోయిండా అంటే నాకు తెలవదు. కానీ మీ కార్లోస్ ముఖం చూస్తే, నిద్ర లేచినోని ముఖం లెక్క ఉంది. ఏడ్చినోని ముఖం కాదు.


జడ్చర్ల క్యూసీ:

అందరికీ చెయ్యెత్తి మొక్కుతున్నా. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. వారం ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

సారూ, తొంభై శాతం షరతు సంగతి తెలిశాక సినిమా మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఇంతకుముందు ఆర్తూరో మీద కోపం వచ్చేది. ఇప్పుడు ఫ్యాక్టరీ సీన్లలో గోడ మీది గడియారం కోసం వెతికాను. గానుగెద్దు మాట మాత్రం నాకు పూర్తిగా మనసొప్పలేదు. లారీ అన్న చెప్పిన నిద్ర లేచిన ముఖమే నాకు దగ్గరగా అనిపించింది. ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సు అద్దంలో నా ముఖం కూడా అట్లనే ఉండిందేమో.

టీచరమ్మా, మీ ప్రశ్న చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ పదకొండు రోజులు తను ఏం చేసిందని నేను ఏడాదిగా అడగలేదు. ఆ రాత్రే అడిగాను. వెంటనే చెప్పలేదు. బియ్యం ఏరుతూ కూర్చుంది. చాలాసేపటికి చెప్పింది. మూడు రోజులు మా మలుపు దగ్గర కంపెనీ బస్సు హారన్ కొట్టిందట. కొట్టినప్పుడల్లా బాల్కనీలోకి వెళ్ళి, ‘పోండి, ఇయ్యాల రాడు’ అని చెయ్యి ఊపిందట. నాలుగో రోజు బస్సు ఆగలేదు. ఆ రోజే భయమైందట. అప్పటిదాకా నేను వస్తానని అనుకుందట. పక్కింటివాళ్ళకు పుణేలో ట్రైనింగ్ అని చెప్పింది. పాప స్కూలు ఫీజుకు తన చెవి దుద్దులు పెట్టి తెచ్చింది. అవి విడిపించామా అని అడిగితే, పోయిన సంక్రాంతికే విడిపించుకున్నా, నువ్వు చూడలేదు అంది. చెవులకు ఉన్నాయి. రోజూ చూస్తున్న చెవులే.

మొదటి సీను ఇద్దరం కలిసి ఫోన్లో చూశాం. మాటలు రావేంది అని అడిగింది. అట్లనే తీశారని చెప్పాను. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. ఆమె చేతులు చూడు, చాలాసేపటి నుంచి అడుగుతున్నట్టుంది అంది. మిగతాది ఆదివారం చూద్దామనుకున్నాం.

లేత్ అన్నా, మీరు చెప్పినట్టే ఆ సప్లయర్‌కు ఫోన్ చేశాను. నాలుగేళ్ళ కిందటి బుష్‌ల సంగతి అనగానే, ఆ లాటుకు పైసలు కూడా వచ్చినయి కదా సారూ అన్నాడు. నో-గో దిగిందని చెప్పాను, యాభైలో ఏడింట్లో అని లెక్క కూడా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఏ మిషన్ మీద తిప్పినవో బిల్లు బుక్కు చూసి చెప్తానన్నాడు. నిన్న వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. టెయిల్‌స్టాక్ మీద డయల్ గేజ్ పెట్టి తీశాడు. ముల్లు నాలుగు గీతలు పక్కకు ఉంది.

నిన్న కొత్త లాటు వచ్చింది, వేరే సప్లయర్‌ది. యాభైలో రెండింట్లో దిగింది. ఎర్ర ట్యాగు కట్టి, ఆ రెండు పీసులు కవరులో వేసి, వాటి మీద కొలతలు రాసి, తెచ్చిన డ్రైవర్‌కే ఇచ్చి పంపాను. ప్రొడక్షన్ ఆయన మాట్లాడటం లేదు. చూద్దాం.

సారూ, ఆ నావెస్ అన్నదమ్ముల సినిమా సబ్‌టైటిల్స్‌తో ఎక్కడైనా దొరుకుతుందా?